ఉత్తరపు వెలుతురు

ద్వారక, న్యూఢిల్లీ
12 అక్టోబరు 2006

అన్నయ్యకి,

అరుంధతి నమస్కారాలు. వదిన మోకాలి నొప్పి ఎలా ఉంది? ఫోన్ చేస్తే వదినే ఎత్తుతుంది. నేను అడిగింది నీ చెవిలో అరిచి, నువ్వు చెప్పింది మళ్లీ నాకు చెప్పేలోపల సగం సంగతి మారిపోతోంది. అందుకే ఉత్తరం. పైగా ఇది నీ పనికి సంబంధించిన సంగతి. మధ్యలో ఇంకొకరు ఉంటే కుదరదు.

ఆర్.కె. పురం క్వార్టరు ఖాళీ చేసేశాం. దసరా నాడు ఇక్కడ పాలు పొంగించాం. సొసైటీ వాళ్ల ఫ్లాటు, నాలుగో అంతస్తు. ఇన్నేళ్లూ సర్కారువాళ్లు కొట్టిన తెల్ల సున్నం మధ్యే బతికాం కదా, నువ్వొచ్చి వేసిన ఆ ముందుగది తప్ప. అందుకని ఈసారి రంగులు నేనే ఎంచుకుంటానన్నాను. హాలుకి వెన్న రంగు. దుకాణంవాడి రంగుల కార్డులో చూస్తే అప్పుడే చిలికి తీసిన ఆవు వెన్నలా, లేత పసుపుగా ఎంత బాగుందో!

గోడకి ఎక్కాక అది వెన్న కాదు అన్నయ్యా. బూడిద. పొద్దున లేచి చూస్తే ఎవరో పోయిన ఇల్లులా ఉంది. రంగులు వేసిన బీహారు అతను దేవుడి మీద ఒట్టేశాడు. "మేడమ్, కార్డ్ మే జో నంబర్ హై, వహీ లగాయా హై" అంటాడు, కార్డులో ఉన్నదే వేశానని. డబ్బా మీద నంబరు నేనూ చూశాను, అదే. ఆయనేమో అతని మీద విరుచుకుపడ్డారు. "తెల్లరంగు పూసి పసుపంటావా?" అని. నేను అడ్డుపడాల్సొచ్చింది. ఇషిత గ్రేటర్ నోయిడా హాస్టల్ నుంచి శనివారం వచ్చి, "మమ్మీ, థోడా గ్రీన్ లగ్ రహా హై" అంది, కాస్త ఆకుపచ్చగా ఉందని. ఒక గోడ, ముగ్గురం, మూడు రంగులు.

అసలు మోసం ఎక్కడుందో నువ్వే చెప్పాలి.

నీ చెల్లెలు
అరుంధతి


కాకినాడ
24 అక్టోబరు 2006

చి.సౌ. అరుంధతికి అన్నయ్య ఆశీస్సులు.

మీ వదిన మోకాలు అలాగే ఉంది, నోరు బాగానే ఉంది.

ఆ బీహారు మనిషిని ఏమీ అనకండి. నీ హాలు కిటికీలు ఉత్తరానికి ఉన్నాయి. నువ్వు రాయలేదు కాని, నీ గోడ చెబుతోంది. ఉత్తరం నుంచి వచ్చే వెలుతురులో ఎండ ఉండదు, ఆకాశం మాత్రమే ఉంటుంది. ఆ వెలుతురు చల్లగా, కాస్త నీలంగా ఉంటుంది. లేత పసుపు దానికి తట్టుకోలేదు. ఇషిత ఆకుపచ్చ అన్నది అందుకే. నీలం వెళ్లి పసుపు మీద పడితే ఇంకేమవుతుంది? నీకు బూడిదలా కనబడిందంటే అదీ నిజమే.

నేను ఏ ఇంటికి వెళ్లినా డబ్బా మూత తీసేముందు కిటికీ దగ్గర కాసేపు నిలబడతాను. యజమానులు నవ్వేవారు. ఇక్కడ రాధాకృష్ణమూర్తిగారని ఒక ప్లీడరు, ఆయన రెండు గదులకీ ఒకే డబ్బాలో రంగు వేస్తే, రెండు డబ్బాలు కలిపానని నన్ను నిలదీశాడు. అదే రంగు ఒక పీటకి పూసి, తూర్పు గదిలోంచి ఉత్తరపు గదిలోకి ఆయన చేతే మోయించాను. గుమ్మం దాటగానే పీట రంగు మారింది. ఆ పీట పట్టుకుని ఆయన చాలాసేపు అక్కడే నిలబడిపోయాడు.

తూర్పు గదికి పొద్దున పసుపు, మధ్యాహ్నం దాటితే నీరసం. పడమటి గది పగలంతా మామూలుగా ఉండి సాయంత్రం నిప్పంటుకుంటుంది. దక్షిణం అన్నిటికన్నా ఉదారం. మీ ఊళ్లో చలికాలం సూర్యుడు బాగా కిందికి వాలతాడు కాబట్టి గది చివరి గోడదాకా వస్తాడు. మా కాకినాడలో అంత లోపలికి రాడు.

ఈ కవరులో ఆరు అట్టముక్కలు పెట్టాను. నేనే పూశాను. వెనకాల నంబర్లున్నాయి. వాటి చుట్టూ తెల్లకాగితం అంటించి ఒక్కో గదిలో గోడకి పెట్టు. పొద్దున ఎనిమిదికి, పదకొండుకి, సాయంత్రం నాలుగుకి చూడు. ఇంట్లో ముగ్గురూ విడివిడిగా చూసి రాయండి. ఒకరు చెప్పింది ఇంకొకరు వినకూడదు.

దుకాణంలో ట్యూబ్‌లైటు కింద రంగు ఎంచుకోవడం మాత్రం ఇక మానేయి.

సీతారామయ్య


ద్వారక
15 నవంబరు 2006

అన్నయ్యకి,

నీ అట్టముక్కలతో ఇల్లంతా పరీక్షల హాలు అయిపోయింది. ఇషిత శని ఆదివారాలు ఇంటికి రావడంతో కాగితం మీద గళ్లు గీసి మరీ రాసింది. నువ్వు చెప్పినట్టే జరిగింది. మూడో నంబరు, ఆ లేత పసుపు, ఉత్తరపు హాల్లో ముఖం మాడ్చుకుంది. దక్షిణపు గదిలో పదకొండింటికి పెడితే అట్టముక్క కాదు, తంగేడు పువ్వే. నేనూ ఇషితా ఒకేసారి "అబ్బ" అన్నాం.

మీ బావగారు మాత్రం కలిసి రాలేదు. దక్షిణపు గదిలో కూడా మూడో నంబరు తెల్లగానే ఉందంటారు. "ఖాళీ అట్ట పెట్టి నన్ను ఏడిపిస్తున్నారా?" అన్నారు. రెండూ మూడూ ఒకటే అన్నారు. ఇషిత నవ్వేసరికి కోపం వచ్చి అట్టలన్నీ తీసి బల్ల మీద పడేశారు. ఆఫీసులో పని ఎక్కువైంది, సెక్షన్ ఆఫీసరు కుర్చీ నుంచి అండర్ సెక్రటరీ కుర్చీకి ఈ ఏడు పేరు వెళ్లాలి. దాంతో మనిషి చిరాగ్గా ఉన్నారు. కొత్త ఇల్లు కూడా ఇంకా అలవాటు కాలేదు. తలుపు అంచులకి భుజం కొట్టుకుంటున్నారు. మొన్న టీ కప్పు బల్ల అంచు మీద పెట్టాననుకుని గాల్లో వదిలేశారు.

అది వదిలేయి. హాలుకి నాలుగో నంబరు, ఆ ఎరుపు కలిసిన పసుపు బాగుంటుందని నా ఉద్దేశం. ఉత్తరపు గదిలోనూ అది చావలేదు. ఏమంటావు?

అరుంధతి


కాకినాడ
25 నవంబరు 2006

అమ్మాయ్,

నాలుగో నంబరు మంచిదే. ఆ సంగతి తరవాత చూద్దాం.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నేను వెలుతురు గురించి ఎంత చెప్పినా అది రంగుని కాస్త అటూఇటూ లాగుతుంది, అంతే. దక్షిణపు గదిలో, నడిఎండలో, ఆ పసుపు తెల్లగా కనబడటానికి వెలుతురు వైపునుంచి కారణమేమీ లేదు. ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఈ పని చేస్తున్నాను, అలా అన్న మనిషిని చూడలేదు. కారణం గోడలో లేనప్పుడు చూసే కంట్లో వెతకాలి.

బావగారిని కంటి డాక్టరుకి చూపించు. అద్దాల దుకాణానికి కాదు, పెద్ద డాక్టరుకి. మెట్లు దిగేటప్పుడు మొదటి మెట్టు దగ్గర కాలితో తడుముతున్నారా? పక్కనుంచి ఎవరైనా వస్తే ఉలిక్కిపడుతున్నారా? నువ్వు గమనించు. ఆయన్ని అడగకు.

నేను పొరబడితే అంతకన్నా నాకు కావలసిందేమీ లేదు.

సీతారామయ్య


ద్వారక
5 డిసెంబరు 2006

అన్నయ్యకి,

నీ ఉత్తరం చూసి మనసు కష్టపెట్టుకున్నాను. గోడల గురించి అడిగితే మనిషి గురించి రాశావు.

నేను అమాయకురాలినే కాని మరీ అంత కాదు. నువ్వు ఢిల్లీ వచ్చి పదకొండేళ్లయింది. అప్పుడు కూడా నెల ఉంటానని వచ్చి, ముందుగది పూర్తవగానే "పని తగిలింది" అని ఆ సాయంత్రమే రైలెక్కావు. ఆ తరవాత ఒక్క ఉత్తరంలోనైనా ఆయన ఎలా ఉన్నారని అడిగావా? ఆయనా నీ పేరెత్తరు. ఏం జరిగిందో ఇద్దరూ చెప్పరు, నేను అడగడం మానేశాను. ఇన్నేళ్లకి ఆయన మీద నీకు కలిగిన శ్రద్ధ, ఆయన కళ్లు పోతున్నాయని చెప్పడానికేనా?

ఆయనతో అన్నాను, డాక్టరుకి చూపించుకుందామని. "మీ అన్నయ్య డాక్టరు ఎప్పుడయ్యాడు?" అన్నారు.

హాలు అలాగే ఉండనీ. బూడిదకి అలవాటు పడతాం.

అరుంధతి


ద్వారక
9 జనవరి 2007

అన్నయ్యా,

నన్ను క్షమించు. ఈ ముక్క ముందు రాస్తే తప్ప తక్కినది రాయలేను.

డిసెంబరు ముప్ఫైన ఇక్కడ పొగమంచు కిటికీ అద్దాలకి దూది అంటించినట్టుంది. ఏడున్నరకి ఆయన పాలకి కిందికి వెళ్లారు. పాల బూత్ పక్కనే తెల్ల కారు ఆగి ఉంది. నేరుగా వెళ్లి దానికి గుద్దుకుని పడ్డారు. కనుబొమ మీద నాలుగు కుట్లు. పొగమంచులో ఎవరికైనా జరుగుతుంది అనుకున్నాను. కాని వాచ్‌మన్ చెప్పాడు, "దీదీ, సాబ్ కే ఆగే దో లోగ్ ఉసీ గాడీ సే బచ్‌కే నికలే." ముందు వెళ్లిన ఇద్దరూ తప్పుకుని వెళ్లారు.

సర్కారు ఉద్యోగుల ఆస్పత్రిలో కుట్లు వేశాక కంటి విభాగంలో కూడా చూపించుకోమన్నారు. అక్కడి డాక్టరు, నడివయసు ఆవిడ, ఆయన ముఖం చూడగానే గుర్తుపట్టింది.

"ఉమాశంకర్ జీ! సెప్టెంబర్ కే బాద్ ఆప్ ఆయే హీ నహీ?"

సెప్టెంబరు తరవాత రానేలేదేమంటోంది! నేను ఆయన వైపు చూశాను. ఆయన నేలకేసి చూస్తున్నారు.

గ్లాకోమా అట. కంట్లో ఒత్తిడి పెరిగి, చుట్టూ ఉన్న చూపుని అంచులనుంచి తినేస్తూ లోపలికి వస్తుందట. పసుపూ నీలం తేడాలు ముందే చెరిగిపోవచ్చట. పోయింది తిరిగి రాదు. ఉన్నది నిలబెట్టుకోవడానికి చుక్కల మందు. ఆయనకి పద్నాలుగు నెలలుగా తెలుసు. మందు ఆఫీసు సొరుగులో పెట్టుకున్నారు. సెప్టెంబరులో ప్రమోషన్ల కాగితాలు కదిలాయి. ఆస్పత్రిలో ఆఫీసువాళ్లెవరైనా చూస్తారేమోనని వెళ్లడం మానేశారు. మందూ మానేశారు.

ఆటోలో వస్తూ, "నాకెందుకు చెప్పలేదు?" అని అడిగాను. "చెబితే నిజమైపోతుందనిపించింది" అన్నారు.

ఆయన ఇప్పుడు హాల్లో గోడకీ తలుపుకీ తేడా తెలియక చేత్తో తడుముకుంటున్నారు. అన్నీ ఒకే లేత రంగు కదా. ఆ రంగు నేనే ఎంచాను. రంగులతో చేయగలిగింది ఏమైనా ఉందా? ఉంటే చెప్పు.

అరుంధతి


కాకినాడ
18 జనవరి 2007

అమ్మాయ్,

నువ్వు కోప్పడటం తప్పు కాదు. నేను నీ స్థానంలో ఉన్నా అలాగే రాసేవాణ్ణి.

చేయగలిగింది ఉంది. నేను ఇక్కడి కళ్ల డాక్టరు దగ్గర కూర్చుని అడిగాను. ఆయన పెద్ద కాగితం మీద రాసి చూపించాడు. మెరిసే రంగులు వద్దు, వెలుతురు తిరగ్గొట్టి కళ్లలో పొడుస్తాయి. రంగులకన్నా తేడా ముఖ్యం. గోడ లేతగా ఉంటే గుమ్మం ముదురుగా ఉండాలి. స్విచ్చుల చుట్టూ ముదురు పట్టీ. వంటింటి అరుగు అంచుకి ఒక గీత. మెట్టుకి అంచు.

కాని ఏ ముదురు ఏ గదిలో అన్నది ఇక్కడినుంచి చెప్పలేను. ఉత్తరపు గదిలో ముదురు గోధుమ రంగు నల్లబడిపోతుంది. పడమటి గదిలో సాయంత్రం ఎర్రగుమ్మం, గోడ ఒకటైపోతాయి. అందుకని ఇల్లు గీసి పంపు. ఏ కిటికీ ఎటు, దాని ఎదురుగా ఏముంది, పక్క బ్లాకు ఇటుకలు ఎర్రవా, చెట్టు ఏమైనా ఉందా, అన్నీ. బావగారు ఏ వేళకి ఎక్కడ ఉంటారో కూడా రాయి.

పది ముదురు అట్టలు పంపుతున్నాను. ఈసారి మీరెవరూ చెప్పకండి. ఆయన చెప్పిందే లెక్క.

సీతారామయ్య


ద్వారక
4 ఫిబ్రవరి 2007

బావగారికి,

ఉమాశంకర్ నమస్కరించి వ్రాయించునది. నేను రాస్తే వరస మీద వరస ఎక్కుతోంది. అందుకని అరుంధతి రాస్తోంది. నేను చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను, మధ్యలో ఆపకూడదన్నాను.

మీ అట్టలు చూశాను. ఇటుక ఎరుపూ, ముదురు నీలం అన్ని గదుల్లోనూ కనబడుతున్నాయి. కాఫీ రంగు దక్షిణంలోనూ తూర్పులోనూ తెలుస్తోంది, హాల్లో తెలియడం లేదు. పసుపులన్నీ నాకు ఒకటే. అరుంధతి ఇల్లు గీసింది, ఈ కవరులో ఉంది.

ఇక అసలు సంగతి. మీ ప్రతి ఉత్తరమూ అరుంధతి నాకు చదివి వినిపించింది. మొదటిదానినుంచీ. నా కళ్ల సంగతి ఈ ఇంట్లో ఉన్నవాళ్లకన్నా ముందు మీకు తెలిసింది. పన్నెండు వందల మైళ్ల దూరంనుంచి, అట్టముక్కలతో. అయినా మీరు "నేను వస్తాను" అని ఒక్క ఉత్తరంలోనూ రాయలేదు. ఎందుకు రాయలేదో అరుంధతికి తెలియదు. నాకు తెలుసు.

1995 డిసెంబరులో మా డైరెక్టరుగారు చెప్పకుండా క్వార్టరుకి వచ్చారు. మీరు నిచ్చెన మీద ఉన్నారు, లుంగీ కట్టుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని. "యే కౌన్ హై?" అన్నారాయన, ఎవరని. "పెయింటర్ హై సార్, గావ్ సే బులాయా" అన్నాను, ఊరినుంచి పిలిపించిన పెయింటరని. మీరు వినలేదని నాకు నేను చెప్పుకున్నాను. ఆ సాయంత్రం మీరు పెట్టె సర్దుకుంటుంటే విన్నారని తెలిసింది. అయినా స్టేషనుకి వచ్చి రైలెక్కించానే కాని నోరు విప్పలేదు.

అప్పుడు నాకు ముప్ఫై ఏడేళ్లు. చిన్న వయసు అని చెప్పుకోవడానికి లేదు. నా భార్యని చదివించింది మీ బ్రష్షు. ఆ సంగతి తెలిసే అన్నాను.

దీనికి మీరు జవాబు రాయకపోయినా నేను ఏమీ అనుకోను.

ఉమాశంకర్

అన్నయ్యా, కింద చోటుంది కాబట్టి రాస్తున్నాను. ఇది ఇప్పుడే నాకూ తెలిసింది, నా చేత్తో రాస్తుంటే. మధ్యలో ఆపకూడదన్నారు కాబట్టి ఆపలేదు. "పెయింటర్ హై" అన్న మాట దగ్గర సిరా అలికింది, అది నా వల్లే. ఈ పదకొండేళ్లూ నువ్వు నాకు చెప్పకుండా ఎలా ఉన్నావు? ఇప్పుడు నేను ఎవరి మీద కోప్పడాలో తెలియడం లేదు. ఆయన బల్ల అవతల కూర్చుని, నేను ఏం రాస్తున్నానో కనబడక, "అయిందా?" అని అడుగుతున్నారు. — అరుంధతి


కాకినాడ
12 ఫిబ్రవరి 2007

బావగారికి,

నమస్కారం. మీరు ఒక మాట మరిచిపోయారు. నేను మరిచిపోలేదు కాబట్టి రాస్తున్నాను. రాయకపోతే ఈ ఉత్తరంలో అబద్ధం ఉన్నట్టే.

పెయింటర్ అన్నందుకు నేను వెళ్లలేదు. నేను పెయింటర్నే. మా నాన్న కూడా అదే. ఆ తరవాత మీ డైరెక్టరుగారు, "నామ్ క్యా హై?" అని నా పేరు అడిగారు. నాకు హిందీ రాదు కాని ఆ మూడు మాటలు తెలుసు. మీరు ఆగారు. ఎంతో సేపు కాదు, బ్రష్షు ఒకసారి కిందికీ పైకీ తిప్పేంత సేపు. ఆగి, "రామయ్యో, ఏదో" అన్నారు. మీ కాళ్లు కడిగి చెల్లెల్ని మీ చేతిలో పెట్టినవాణ్ణి. పీటల మీద పురోహితుడు నా పేరు మూడుసార్లు చెప్పించాడు. ఆ "ఏదో" వినగానే నిచ్చెన దిగి వెళ్లిపోవాలనిపించింది. ఆ గోడ సగంలో వదిలేస్తే పేరుకి మచ్చ కాబట్టి పూర్తి చేసి దిగాను.

అరుంధతికి ఎందుకు చెప్పలేదంటే, చెబితే అది మీతో కాపురం చేస్తూ ప్రతిరోజూ ఆ మాట వినాలి. నాకొక్కడికి వినబడితే చాలు అనుకున్నాను. తరవాత నా చెవులు పోయాయి. చిత్రం ఏమిటంటే, అది మాత్రం వినబడుతూనే ఉండేది.

ఇప్పుడు మీరు దాన్ని కాగితం మీద పెట్టారు. అది కూడా నా చెల్లెలి చేత రాయించి. అంత తేలికైన పని కాదు. నాకు అర్థమైంది.

ఈ నెల ఇరవై ఆరున బయలుదేరుతున్నాను. గోడలు గీకించి, లప్పం పెట్టించి ఉంచమనండి. ఆ బీహారు అతన్నే పిలవండి, నాకు తోడు కావాలి. మీరు సెలవు పెట్టాలి. రంగు నేను కలుపుతాను, చాలో లేదో మీరు చెప్పాలి.

సీతారామయ్య


ద్వారక
20 ఏప్రిల్ 2007

అన్నయ్యకి,

నువ్వు వెళ్లి నాలుగు వారాలు. ఇల్లు ఇంకా కొత్త రంగు వాసన వేస్తోంది.

నువ్వు ఇక్కడ ఉన్నప్పుడు చెప్పలేకపోయినవి కొన్ని ఉన్నాయి. అరిచి చెప్పే సంగతులు కావు. నువ్వొచ్చిన మొదటి రెండు రోజులు నాకు భయం వేసింది. ఒకరికి వినబడదు, ఒకరికి కనబడదు. ఇద్దరూ ఒకే గదిలో, మాటల్లేకుండా. నువ్వు గుమ్మానికి ఒక రంగు పూసి ఆయన భుజం తడితే, ఆయన చూసి తల ఊపడమో అడ్డంగా తిప్పడమో. అంతే. మూడో రోజున ప్రైమర్ పూసిన గోడ మీద ఆయన బొగ్గుముక్కతో పెద్ద పెద్ద అక్షరాలు రాయడం వంటింట్లోంచి చూశాను. నువ్వు చదివి నోటితో జవాబు చెబుతున్నావు. ఆయన మళ్లీ రాస్తున్నారు. గోడ నిండాక నువ్వు దాని మీద రోలరు తిప్పేశావు. పక్క గోడ మొదలుపెట్టారు. మీరిద్దరూ అంత మాట్లాడుకోవడం నా పెళ్లయ్యాక ఎన్నడూ చూడలేదు.

ఒకరోజు నేను టీ తెచ్చేసరికి దక్షిణపు గదిలో ఏదో రాసి ఉంది. గుమ్మంలో నన్ను చూసి నువ్వు గబగబా రంగు వేసేశావు. "ఏం రాశారు?" అంటే ఇద్దరూ ఒకేసారి "ఏం లేదు" అన్నారు. మీరిద్దరూ ఒక పక్షం ఎప్పుడయ్యారు?

హాల్లో ఇటుక రంగు గుమ్మాలు పొగమంచులాంటి వెలుతురులో కూడా నిలబడే ఉన్నాయి. పడమటి గదికి నువ్వు వేసిన ఆ బూడిద కలిసిన ఆకుపచ్చ వల్ల సాయంత్రం ఎండ కళ్లలో గుచ్చడం లేదట. తలుపు అంచులకి తగిలి భుజం మీద పడిన మచ్చలు మాసిపోయాయి. ఆఫీసులో డైరెక్టరుగారితో తనే చెప్పారు. ఉద్యోగం తీసెయ్యడానికి లేదట, చట్టం ఉందట. సీటు మార్చారు. అండర్ సెక్రటరీ కుర్చీ మాత్రం రాలేదు. రెండు రోజులు ఇల్లు కదల్లేదు, మూడో రోజు సెలవుకి వచ్చిన ఇషిత చెయ్యి పట్టుకుని మెట్రోలో ఆఫీసుకి వెళ్లారు.

చుక్కల మందు మూడు పూటలా నేనే వేస్తున్నాను. ఇంకేమీ చెడిపోకుండా ఆగిందనే అనుకుంటున్నాను.

అరుంధతి


కాకినాడ
5 మే 2007

అమ్మాయ్,

చెప్పనని బావగారికి మాటిచ్చాను. తప్పుతున్నాను. పదకొండేళ్లు నోరు మూసుకుంటే ఏమయిందో చూశాను కాబట్టి.

దక్షిణపు గదిలో ఆయన రాసింది ఇది. "పూర్తిగా పోతుందట. రెండేళ్లు, మహా అయితే మూడు. మందు ఆలస్యం చేశాను. అరుంధతికి చెప్పలేదు. మీరు ఇంత కష్టపడి రంగులు వేసి ఏం లాభం?"

నేను ఏం చెప్పానో కూడా రాస్తాను. "బావగారూ, ఏ రంగైనా నాలుగేళ్లకి మించి ఉండదు. నేను వేసిన ఇల్లు ఒక్కటి కూడా ఇప్పుడు నేను వేసినట్టు లేదు. ఉన్నన్నాళ్లు కనబడాలని వేస్తాం. రెండేళ్లే అయితే రెండేళ్లకి వేస్తున్నాను" అన్నాను. ఆయన గోడకి నుదురు ఆనించి నిలబడ్డారు. ప్రైమర్ నుదుటికి అంటుకుంది. తువ్వాలుతో తుడిచాను. అప్పుడే నువ్వు టీ తెచ్చావు.

నీకు తెలుసన్న సంగతి ఆయనకి చెప్పాలో వద్దో నువ్వే చూసుకో. అందులో నేను చెప్పగలిగింది లేదు.

సీతారామయ్య


ద్వారక
17 నవంబరు 2008

అన్నయ్యకి,

ఫోన్‌లో వదినతో చెప్పాను కాని, నీకు నేనే రాయాలి.

నీ ఉత్తరం వచ్చాక ఏడాదిన్నర, నాకు తెలుసని నేను ఆయనకి చెప్పలేదు. రోజూ మందు వేస్తూ, "బాగానే ఉంది, ఎరుపు తగ్గింది" అనేదాన్ని. ఆయనా "అవును, నిన్నటికన్నా నయం" అనేవారు. గుమ్మాలు కనబడటం పోయిన ఏడాది చివర్లో తగ్గింది. ఎండాకాలానికి కిటికీ ఎటుందో మాత్రం తెలిసేది. దానికీ మేమిద్దరం ఏదో ఒక కారణం చెప్పుకునేవాళ్లం. దుమ్ము, మబ్బు, కరెంటు వోల్టేజి.

నిన్న ఆదివారం. దక్షిణపు గదిలో దివాన్ మీద కూర్చోబెట్టాను. పదకొండైంది. నువ్వన్నట్టు ఎండ గది చివరి గోడదాకా వచ్చి పరుచుకుంది. ఆయన కిటికీ వైపు ముఖం తిప్పి అడిగారు.

"అరుంధతీ, ఇవాళ మబ్బు పట్టిందా?"

"అవునండీ. బాగా మబ్బుగా ఉంది" అన్నాను.

ఆయన లేచి, చెయ్యి చాపుకుంటూ నడిచి, వెనక గోడ అందుకున్నారు. అరచెయ్యి దాని మీద ఆనించారు. చాలాసేపు తియ్యలేదు.

"గోడ వెచ్చగా ఉంది" అన్నారు.

ఆయన నా వైపు తిరిగారు.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"అన్నయ్య రంగులు వేసి వెళ్లాక ఉత్తరం రాసినప్పటినుంచి."

ఆయన గోడ మీదనుంచి చెయ్యి తీయకుండానే తల ఊపారు. నీ మీద కోపం వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. "ఇంత కాలం ఒక్కదానివీ మోశావా?" అన్నారు. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. ఆయన పూర్తి చీకట్లో ఉన్నారు, మేమిద్దరం మాత్రం మంచి ఎండలో నిలబడి ఉన్నాం. పెళ్లయిన ఇరవై మూడేళ్లలో ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. నేనూ ఆపుకోలేదు. హాల్లోంచి ఇషిత వచ్చి, చూసి, వెనక్కి వెళ్లింది.

కాసేపటికి ఆయన ముఖం తుడుచుకుని, "ఇప్పుడు ఈ గోడ ఏ రంగులో ఉంది?" అని అడిగారు.

నాకు నీలాగా చెప్పడం చేతకాదు. అయినా చెప్పాను. కిటికీ దగ్గర పలచగా, నీళ్లు కలిపిన తేనెలా ఉంది. మీ చెయ్యి ఉన్నచోట చిక్కగా ఉంది. కిటికీ చువ్వల నీడలు ఏటవాలుగా పడ్డాయి, ఆ నీడల్లో మాత్రం కాస్త ఊదా రంగు. మూలకి వెళ్లేకొద్దీ గోధుమ. అక్కడ ఎండ లేదు.

"ఇంకా చెప్పు" అన్నారు.

ఎండ ఆ గోడ దాటి వెళ్లేదాకా చెబుతూనే ఉన్నాను.

అరుంధతి